కారు కింద ఎర్ర మరక

శనివారం పొద్దున ఆరున్నరకి హైదరాబాద్ బస్సు దిగి కర్నూలులో ఇంటికి చేరేసరికి మా నాయన కారు కింద మట్టి పోస్తున్నాడు. చేతిలో చిన్న పార, పక్కన ఇసుక తట్ట.

"ఏంది నాయనా?" అన్నాను.

"ఏం లేదు పాపా, నీళ్లు పడినాయి."

నీళ్లు పడితే మట్టెందుకు? వంగి చూశాను. మట్టి అంచున అరచేయంత మరక. ఎర్రగా, జిగటగా ఉంది. నాయన నా మొహం చూడకుండా పార తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మాది పదమూడేళ్ల పాత ఏడు సీట్ల డీజిల్ బండి. పసుపు నంబర్ ప్లేట్. మా ఇల్లు గడిచింది, నా బీటెక్ అయింది, తమ్ముడు ఇప్పుడు చదువుతున్నది... అంతా దాని మీదే. బ్యాగ్ పెట్టి, బండి కాస్త పక్కకి తీద్దామని స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పాను. ముందు నుంచి 'కుయ్' మని ఒక మూలుగు. స్టీరింగ్ గట్టిగా ఉంది. రెండు చేతులతో లాగితే గానీ తిరగలేదు. డ్రైవర్ సీటు కింద ఏదో దొర్లిన చప్పుడైంది. తీసి చూస్తే స్టీరింగ్ ఆయిల్ ఖాళీ బాటిళ్లు. మొత్తం ఆరు.

అప్పుడు చెప్పాడు నాయన. రెండు నెలల నుంచి కారుతోందట. మొదట్లో నెలకో బాటిల్ పోశాడు, తర్వాత వారానికొకటి. కుడి భుజం నొప్పి అని అమ్మ రోజూ మందు రాస్తోంది గానీ, అది గట్టిపడ్డ స్టీరింగ్ తిప్పడం వల్ల అని ఆమెకి తెలీదు. శుక్రవారం సాయంత్రం ఒక గ్యారేజీకి తీసుకెళ్తే, కిందకి వంగి చూసి "స్టీరింగ్ ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి" అన్నారట. 26 వేలు. నాలుగు రోజులు పడుతుంది.

ఇంట్లో ఉన్నది తమ్ముడి ఫీజుకి దాచిన డబ్బే. ఆదివారం తెల్లారుజామున నాలుగింటికి శ్రీశైలం ట్రిప్ ఒప్పుకుని ఉన్నాడు. అందులో ఇద్దరు ముసలివాళ్లు.

"బండి అమ్మేద్దాంలే పాపా. ఎవరి దగ్గరైనా డ్రైవర్‌గా చేరతా" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అంటే చాలా రోజులుగా అనుకుంటున్నాడన్నమాట.

నాకు కార్ల గురించి అప్పటికి పెద్దగా తెలీదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కానీ మా పనిలో ఒక రూల్ ఉంది. ఎవరైనా వచ్చి "యాప్ పనిచేయట్లేదు" అంటే యాప్ మొత్తం మార్చేయం. తప్పు ఎక్కడ మొదలవుతోందో కళ్లతో చూసేదాకా దేన్నీ ముట్టుకోం. మా వీధి చివర ముప్పై ఏళ్లుగా షెడ్ నడుపుతున్న మేస్త్రికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం దాకా ఖాళీ లేదన్నాడు. విషయం విని ఒకటే అడిగాడు: "కడిగినారా అమ్మా? ముందు కడగండి. మురికి మీద చూస్తే అన్నీ కారినట్టే కనపడతాయి."

ఆ రోజు నేర్చుకున్నదే ఇది. మీ ఇంట్లో కూడా పాత బండి ఉంటే పనికొస్తుంది.

అసలు మీ కారులో ఆ ఆయిల్ ఉందా?

ముందు ఇది తేల్చుకోండి. ఇప్పుడు వస్తున్న చిన్న కార్లలో చాలావాటికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉంటుంది. చిన్న మోటారు స్టీరింగ్‌కి సాయం చేస్తుంది, అందులో ఆయిలే ఉండదు. అలాంటి కారుకి ఎవరైనా "స్టీరింగ్ ఆయిల్ మార్చాలి" అని బిల్లు వేస్తే నవ్వి వచ్చేయండి.

కొంచెం పాత కార్లు, పెద్ద డీజిల్ బండ్లలో ఎక్కువగా ఉండేది హైడ్రాలిక్ రకం. బానెట్ తెరిస్తే మూత మీద స్టీరింగ్ బొమ్మ ఉన్న చిన్న డబ్బా కనిపిస్తుంది. ఈ ఐడియా కొత్తదేం కాదు. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీర్ 1926లోనే దీన్ని కారుకి బిగించి నడిపి చూపించాడు. మామూలు జనం కొనే కారులోకి రావడానికి మాత్రం 1951 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది క్రైస్లర్ ఇంపీరియల్‌లో వచ్చింది.

పనిచేసే తీరు మన ఇంటి నీళ్ల మోటారు లాంటిదే. డబ్బాలోంచి ఆయిల్ పంపులోకి వెళ్తుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే ఆ పంపు ఆయిల్‌ని గట్టిగా ఒత్తి ఒక బలమైన పైపులోకి తోస్తుంది. ఆ ఒత్తిడి స్టీరింగ్ ర్యాక్‌లోకి వెళ్లి, చక్రాలు తిప్పడానికి మన చేతికి సాయం చేస్తుంది. పని అయిపోయిన ఆయిల్ ఇంకో పైపులో నెమ్మదిగా తిరిగి డబ్బాలోకి వస్తుంది. అంటే కారడానికి వీలున్న చోట్లు ఐదు: డబ్బా, పంపు, ఒత్తిడి పైపు, ర్యాక్, తిరుగు పైపు. వీటిలో అన్నిటికంటే ఖరీదైనది ర్యాక్, అన్నిటికంటే చవక తిరుగు పైపు. గ్యారేజీ చెప్పింది ఖరీదైన దాని పేరు.

తెల్ల కాగితం పరీక్ష

కారు కింద తడి కనిపించగానే స్టీరింగ్ ఆయిలే అని ఫిక్స్ అవ్వొద్దు. రాత్రి కారు ఆపాక ముందు భాగం కింద తెల్ల కాగితాలో, అట్టముక్కో పరవండి. పొద్దున్నే రంగు చూడండి, వేళ్ల మధ్య రుద్ది చూడండి.

- రంగు లేకుండా, వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్లు. వేసవిలో ఇది మామూలే, కంగారు పడక్కర్లేదు.
- గోధుమ రంగు లేదా నల్లగా, చిక్కగా ఉంటే ఇంజిన్ ఆయిల్ అయ్యే అవకాశం ఎక్కువ.
- పచ్చగానో, గులాబీ రంగులోనో నీళ్లలా పలుచగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. నోట్లో పెట్టుకునేరు, అది విషం. పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి.
- చక్రాల దగ్గర లేత పసుపు రంగులో జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ కావచ్చు. అప్పుడు బండి కదపొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.
- ఎర్రగానో గులాబీగానో జిడ్డుగా ఉంటే స్టీరింగ్ ఆయిల్ కావచ్చు. ఆటోమేటిక్ గేర్ల కారైతే గేర్ ఆయిల్ కూడా ఇదే రంగు. పాతబడితే స్టీరింగ్ ఆయిల్ కూడా గోధుమ రంగులోకి మారి, మాడు వాసన వస్తుంది. కొన్ని కార్లలో మొదటి నుంచీ పచ్చ రంగే ఉంటుంది.

అందుకే రంగు ఒక్కటే చూసి తేల్చకూడదు. డబ్బాలో ఉన్న ఆయిల్‌నీ, కింద పడ్డ ఆయిల్‌నీ ఒకే తెల్ల కాగితం మీద పక్కపక్కన చుక్క వేసి చూడండి. మాది రెండూ ఒకటే. డబ్బాలో లెవెల్ 'మిన్' గీత కంటే వేలెడు కిందకి ఉంది. పైన సబ్బు నురగలా బుడగలు. లెవెల్ తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీల్చుకుంటుంది, ఆ మూలుగు అదే.

ఆరు బాటిళ్ల సంగతి విని మేస్త్రి అన్న మాట ఇంకోటుంది: "అది డీజిల్ కాదమ్మా ఖర్చయిపోవడానికి." నిజమే. స్టీరింగ్ ఆయిల్ మూసిన దారిలోనే తిరుగుతుంది. మాటిమాటికీ తగ్గుతోందంటే ఎక్కడో బయటికి పోతోందని అర్థం. పోస్తూ పోవడం మందు కాదు. ఇంకో సంగతి. ఏది దొరికితే అది పోయకండి. కొన్ని బండ్లకి ఏటీఎఫ్ అనే రకం, కొన్నిటికి వేరే సింథటిక్ రకం వాడాలి. డబ్బా మూత మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. తప్పు రకం పోస్తే లోపలి రబ్బరు సీళ్లు చెడిపోయి, లేని లీకు కొత్తగా మొదలవుతుంది.

కారిన చోటు వేరు, పడిన చోటు వేరు

నాయన, నేను పని మొదలుపెట్టాం. ఇంజిన్ చల్లగా ఉంది. చక్రాల కింద రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, మేస్త్రి షెడ్ నుంచి తెచ్చిన ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. ఉత్త జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టకండి. జాకీ జారితే ఇక చెప్పేదేం ఉండదు.

ఫోన్ టార్చ్ వేసి కిందకి చూస్తే గ్యారేజీ వాళ్లు చూసిందే నాకూ కనిపించింది. ర్యాక్ చివర మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూట్ మొత్తం తడి. దాని కొన నుంచే చుక్క వేలాడుతోంది. నా గుండె జారిపోయింది. వాళ్లు చెప్పింది నిజమేనేమో అనిపించింది. ఫోటో తీసి మేస్త్రికి పంపాను.

"అది చుక్క పడే చోటు. బయలుదేరిన చోటు కాదు. పైకి పోండి" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

ఇంటి స్లాబు కారినప్పుడు మనకీ ఇదే అనుభవం కదా. నీళ్లు హాల్లో ఫ్యాన్ దగ్గర పడుతుంటాయి, పగులు మాత్రం ఎక్కడో ట్యాంకు కింద ఉంటుంది. కారులో ఆయిల్ కూడా పైపుల వెంట, బోల్టుల వెంట దిగి, బండి పరుగెత్తేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుని, అన్నిటికంటే కింద ఉన్న భాగం నుంచి రాలుతుంది. ర్యాక్ ఉండేది అడుగునే. అందుకే పైన ఏది కారినా నింద దాని మీద పడుతుంది.

పాత బనియన్ గుడ్డలు, బ్రష్షు, బ్రేక్ క్లీనర్ స్ప్రే తీసుకుని డబ్బా నుంచి ర్యాక్ దాకా ఉన్న దారంతా తుడిచాం. రెండు గంటలు పట్టింది. పదమూడేళ్ల జిడ్డు మరి. స్ప్రే పూర్తిగా ఆరేదాకా స్టార్ట్ చేయకూడదు, అది మండే సరుకు. తర్వాత అమ్మ దగ్గర పౌడర్ డబ్బా అడిగి, బెల్టు మీద పడకుండా పైపుల మీద, జాయింట్ల మీద పల్చగా చల్లాం. పొడిగా ఉన్నచోట పౌడర్ తెల్లగానే ఉంటుంది. ఆయిల్ తగిలితే అక్కడ ముదురు గీత పడుతుంది. పెద్ద షెడ్లలో దీనికి ఆయిల్‌లో మెరిసే రంగు కలిపి అల్ట్రా వయొలెట్ టార్చ్‌తో చూస్తారు. మనకి పౌడర్ చాలు.

అప్పుడు మొదటిసారి అమ్మ అడిగింది, "ఎప్పటినుంచి కారతాంది?" అని. నాయన సీటు కింద ఉన్న బాటిళ్ల వైపు చూశాడు. అమ్మ ఇంకేం అడగలేదు. వెళ్లి టీ పెట్టింది.

చేయి మాత్రం పెట్టొద్దు

డబ్బాలో గీత దాకా ఆయిల్ పోసి, నాయన సీట్లో కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేశాడు. స్టీరింగ్ నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతుంటే నేను పక్కన నిలబడి టార్చ్ వేసి చూస్తున్నా. ఈ దశలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

ఒకటి, తిరిగే బెల్టు, ఫ్యాను దగ్గరికి చున్నీ, జుట్టు, వేళ్లు పోనివ్వొద్దు. నేను చున్నీ తీసి, జడ ముడేసుకునే నిలబడ్డాను.

రెండు, ఇంజిన్ నడుస్తుండగా పైపుని చేత్తో తడిమి లీకు వెతకొద్దు. స్టీరింగ్ చివరి దాకా తిప్పినప్పుడు ఒత్తిడి పైపులో వెయ్యి పీఎస్ఐ దాటొచ్చు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లరే. సూది రంధ్రం లాంటి లీకు నుంచి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. అనుమానం ఉన్నచోట పొడవాటి అట్టముక్క పెట్టి చూడండి.

మూడు, స్టీరింగ్‌ని చివరికి తిప్పి అక్కడే పట్టుకుని ఉండొద్దు. రెండు మూడు సెకన్లలో వదిలేయాలి. లేకపోతే పంపు వేడెక్కి పాడవుతుంది.

నాలుగు, ఈ ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే అంటుకోవచ్చు. పొగ, మాడు వాసన వస్తే వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

దొరికింది

పది నిమిషాలు ఏమీ లేదు. పంపు దగ్గర పౌడర్ తెల్లగానే ఉంది. ఒత్తిడి పైపు మీదా తెల్లగానే. ర్యాక్ బూట్ పొడిగా ఉంది. నాయన ఇంజిన్ ఆపేశాడు. "ఏం లేదులే" అన్నాడు.

అప్పుడే చూశాను. డబ్బా అడుగున తిరుగు పైపు కలిసే చోట, క్లిప్పు వెనక, పౌడర్ మీద సన్నటి గీత. చూస్తుండగానే అది పైపు వెంట జారి, కింద బ్రాకెట్ మీదికి, అక్కడి నుంచి ర్యాక్ బూట్ మీదికి దిగింది. వీడియో తీశాను. చెప్పొద్దూ, ఉద్యోగంలో ఎన్ని బగ్గులు పట్టుకున్నా ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చి ముందు ర్యాక్ బూట్ల క్లిప్పులు విప్పి లోపల చూశాడు. రెండు వైపులా పొడిగానే ఉంది. "ర్యాక్ సీలు పోతే ఆయిల్ బూట్ లోపల నిలబడతాది. ఇది బయట తడిసింది, లోపల కాదు" అన్నాడు. తర్వాత తిరుగు పైపు పీకి నా చేతిలో పెట్టాడు. ఎండకి ఎండిన చెప్పులా గట్టిగా ఉంది. వంచితే చివర వెంట్రుకల్లాంటి పగుళ్లు. క్లిప్పు పట్టు వదిలేసింది.

బండి ఆపినా కారడానికి కారణం కూడా ఇదే. ఆ పైపు డబ్బాకి కిందనే ఉంది కాబట్టి ఆయిల్ దానంతట అదే చెమ్మగిల్లి దిగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి. బండి నిలిపాక కూడా మరక పెరుగుతుంటే ముందు డబ్బా, తిరుగు పైపు చూడాలి. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా స్టీరింగ్ తిప్పినప్పుడే కారుతుంటే ఒత్తిడి పైపు, పంపు, ర్యాక్ మీద అనుమానం పెట్టుకోవాలి.

ఆయిల్‌కి తట్టుకునే కొత్త పైపు, రెండు క్లిప్పులు, లీటరు ఆయిల్, మేస్త్రి కూలి అన్నీ కలిపి 1,350 రూపాయలు. బిగించాక గాలి తీశాడు. చక్రాలు గాల్లో ఉండగా, ఇంజిన్ ఆపి, స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకి ఇరవై సార్లు తిప్పించి, బుడగలు పోయేదాకా ఆయిల్ పోస్తూ వచ్చాడు. ఆ తర్వాతే స్టార్ట్ చేయించాడు. మూలుగు లేదు. నాయన ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పి, నా వైపు చూసి, మళ్లీ ఇంకోసారి తిప్పాడు.

ప్రతిసారీ ఇంత చవగ్గా పోదు

మాకు కలిసొచ్చింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. బూట్ లోపల నిజంగా ఆయిల్ ఉంటే ర్యాక్‌కి సీల్ కిట్ వేయాలి, లేదా ర్యాకే మార్చాలి. పంపు పుల్లీ వెనక తడి ఉంటే షాఫ్ట్ సీలు పోయినట్టు. ఒత్తిడి పైపుకి రబ్బరు, ఇనుము కలిసే చోట చెమ్మ ఉంటే ఆ పైపు మార్చాల్సిందే. అక్కడ మామూలు రబ్బరు గొట్టం వేసి క్లిప్పు బిగించే పని ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ ఒత్తిడికి అది ఆగదు. లీకు ఆపే మందు అని బాటిళ్లలో అమ్మేది కూడా సీళ్లని కొన్నాళ్లు ఉబ్బిస్తుందంతే. పగిలిన పైపుకి అది పనిచేయదు.

గ్యారేజీ వాళ్లు మోసం చేశారని కూడా అనను. తడిసిన బూట్ నేనూ చూశాను, నేనూ అదే అనుకున్నాను. కానీ వాళ్లని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నాయన అది అడగలేదు. "కడిగి, ఎక్కడ నుంచి వస్తోందో చూపిస్తారా?" మంచి మెకానిక్ దీనికి కోప్పడడు. చూపించలేకపోతే ఇంకో చోటికి వెళ్లండి. వేలల్లో బిల్లు చెప్పినప్పుడు ఆ తడి మొదలైన చోటు ఫోన్‌లో వీడియో తీసుకోవడం మన హక్కు.

దారి మధ్యలో ఆయిల్ మొత్తం పోతే? స్టీరింగ్ పూర్తిగా పనిచేయకుండా పోదు. చక్రాలకి దానికి మధ్య ఇనుప కడ్డీల లంకె అలాగే ఉంటుంది. కాకపోతే చాలా బరువెక్కుతుంది, ముఖ్యంగా నెమ్మదిగా వెళ్లేటప్పుడు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకి ఆపండి. ఘాట్ మలుపులో అది ఒక్కసారిగా బరువెక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. దోర్నాల దాటాక శ్రీశైలం దారంతా మలుపులే. ఆ బండిని అలాగే తీసుకెళ్లి ఉంటే అన్న ఆలోచనకే నాకు ఆ రోజంతా ఒళ్లు జలదరించింది.

తెల్లారుజామున మూడున్నర

సాయంత్రం నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చాం. రాత్రి కారు కింద నాలుగు తెల్ల కాగితాలు పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టాను. పొద్దున ఒక్క చుక్క కనిపించినా ట్రిప్పు వేరే బండికి ఇచ్చేయాలని ఒప్పందం. నాయన ముందే ఒక స్నేహితుడికి ఫోన్ చేసి, అవసరమైతే రమ్మని చెప్పి ఉంచాడు.

మూడున్నరకి అలారం పెట్టుకుని లేస్తే, ఆయన అప్పటికే కారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. టార్చ్ వేశాను. నాలుగు కాగితాలు తీసి ఒక్కొక్కటి వెలుతురులో పట్టి చూశాం. పొడిగా ఉన్నాయి.

సీటు కింది ఖాళీ బాటిళ్లని అమ్మ ఒక సంచిలో వేసి గేటు దగ్గర పెట్టింది. "భుజానికి మందు ఇంకొన్నాళ్లు రాయల్లనా, అక్కర్లేదా?" అని అడిగింది. నాయన నవ్వాడు. "రాయి" అన్నాడు.

ఏడున్నరకి దోర్నాల నుంచి ఫోన్ చేశాడు. ప్యాసింజర్లు టిఫిన్ తింటున్నారట. తను బానెట్ ఎత్తి చూశాడట. "గీత కాడనే ఉంది పాపా" అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున డబ్బా ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. నేను చూసి బొటనవేలు ఎమోజీ పెడతాను. మీ ఇంట్లోనూ ఎవరైనా పాత బండి నడుపుతుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఓసారి సీటు కింద కూడా చూడండి.